బత్తాయి కాయకు సూది రంధ్రం: బాడిద చెట్టు మీద గొడ్డలి పెట్టకండి, కంచె మీది తీగను చూడండి

తమ్ముడూ, మీరు అడిగింది మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతా. నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గర మీకు నాలుగెకరాల సాతగుడి బత్తాయి తోట ఉంది. అంబె కాపు (ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య పండేది) రంగు తిరిగే సమయానికి కాయలు రాలుతున్నాయి. రాలిన కాయ మీద సూదితో గుచ్చినట్టు చిన్న రంధ్రం, దాని చుట్టూ మెత్తబడిన మచ్చ. మందుల షాపాయన ఇచ్చింది రెండు తడవలు కొట్టినా రాలుడు ఆగలేదు. ఈలోగా ఫిజీలో ఉద్యోగం చేసే మీ బావ అక్కడి రైతులకు ఇచ్చే కాగితం ఒకటి ఫోన్‌లో పంపించారు. కాయలో రసం పీల్చే ఈ పురుగు బాడిద చెట్టు (కొమ్మలకు ముళ్లుండి ఎర్ర పూలు పూసేది) మీద పెరుగుతుందని అందులో ఉంది. మీ గట్టు మీద బాడిద చెట్లున్నాయి, వాటి ఆకులు కూడా ఉబ్బి ముడుచుకున్నాయి, కాబట్టి కొట్టేయాలా అని అడిగారు. చిన్న మొక్కల ఆకు తినే పచ్చ పురుగు కూడా దీని పిల్లేనా అన్నది మీ ఇంకో ప్రశ్న.

చెట్లు కొట్టకండి. మీ బావ పంపిన కాగితం తప్పేమీ కాదు, కాకపోతే అది ఆ దీవుల కోసం రాసింది.

కాయను పొడిచేది పెద్ద రాత్రి పురుగు. పాత పుస్తకాల్లో దీని పేరు ఓథ్రీస్, ఇప్పుడు యూడోసిమా అంటున్నారు. ఇందులో రెండు మూడు జాతులు మన తోటల్లోకి వస్తాయి. వాటిలో ఫుల్లోనియా అనే జాతి ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా, అక్కడి నుంచి పసిఫిక్ దీవుల దాకా ఉంది. మన దేశంలోనూ, మొత్తం ఆసియాలోనూ దాని పిల్ల పురుగు తిప్పతీగ కుటుంబంలోని తీగల ఆకు తిని పెరుగుతుంది. ఫిజీ, సమోవా, టోంగా లాంటి దీవులకు చేరేసరికి అదే పురుగు బాడిద జాతి చెట్ల ఆకుకు అలవాటు పడింది. ఆ దీవుల్లో బాడిదను కంచెకు, నీడకు విరివిగా నాటుతారు, కాబట్టి దానికి మేతకు లోటుండదు. అందుకే అక్కడి కాగితంలో బాడిద పేరుంది. సమోవాలో 1980ల చివర పాపువా న్యూగినీ నుంచి చీమకన్నా చిన్న కందిరీగలను తెచ్చి వదిలారు. అవి ఈ పురుగు గుడ్డులో తమ గుడ్డు పెడతాయి. లోపలి నుంచి పురుగుకు బదులు కందిరీగే బయటికి వస్తుంది.

ఇక మన నల్లగొండ సంగతి. మీ కంచె పొడవునా ఒకసారి నడవండి. సర్కారు తుమ్మ, వేప, ఏ చెట్టయినా సరే, దాని మీదికి పాకిన తీగలను చూడండి. మీకు కావలసినవి రెండు.

మొదటిది తిప్పతీగ. ఇది తెలియనివాళ్లు లేరు. కరోనా కాలంలో ఊరూరా కషాయం కాచుకొని తాగారు. ఆకు తమలపాకు ఆకారంలో నున్నగా ఉంటుంది. కాండం మీద పలచటి పొర లేస్తుంది, పొర కింద పచ్చగా ఉంటుంది. దీని మొండితనం గురించి ఒక మాట చెప్పాలి. మొదలు దగ్గర నరికేస్తే చచ్చిందనుకుంటాం. చావదు. పైన వేలాడే కాండం నుంచి దారంలాంటి వేర్లు కిందికి దిగుతాయి, నేల తాకగానే మళ్లీ తీగ బతుకుతుంది. నరికిన ముక్కలను గట్టు మీద పారేస్తే ముక్కకో తీగ లేస్తుంది. కాబట్టి తీసేటప్పుడు చెట్టు మీద నుంచి మొత్తం లాగి, బండరాయి మీద ఎండబెట్టి, కాల్చండి. లేదా మందుకు పట్టుకుపోయేవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చేయండి. వాళ్లకు కాండం కావాలి, మీకు ఆకు పోవాలి, ఇద్దరికీ పని జరుగుతుంది.

రెండోది దూసరి తీగ. దీన్ని చాలామంది పేరు పెట్టి పట్టించుకోరు, కాని చెలక గట్ల మీద తిప్పతీగ కన్నా ఇదే ఎక్కువ. ఆకు చిన్నది, రెండు పక్కలా మెత్తటి నూగు ఉంటుంది. తీగ సన్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి కట్టెల మోపు కట్టడానికి వాడతారు. కాయలు ముదురు ఊదా రంగులో బఠాణీ గింజంత ఉంటాయి. అనుమానం ఉంటే గుప్పెడు ఆకు తెంపి, చెంబు నీళ్లలో గట్టిగా పిసికి, వడగట్టి పక్కన పెట్టండి. కాసేపటికి ఆ నీళ్లు పచ్చగా గడ్డకట్టి కూర్చుంటాయి, చెంబు వంచితే ముద్దగా జారుతుంది. పశువులు కాసే పిల్లలకు ఈ ఆట బాగా తెలుసు. అలా గడ్డకట్టిందంటే అది దూసరి తీగే, ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

రాత్రి పురుగు ఈ రెండు తీగల ఆకు వెనక గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ముదురు గోధుమ రంగులోనో, నల్లగానో ఉంటుంది. ఒంటి పక్కన పసుపు, తెలుపు, నలుపు వలయాలతో కన్నులాంటి మచ్చలుంటాయి. కదిలించినప్పుడు తల కిందికి ముడిచి వెనక భాగం పైకి లేపి బిగుసుకుంటుంది. అప్పుడు ఆ మచ్చలే కళ్లనుకొని పక్షి జంకుతుంది. నడిచేటప్పుడు నడుము పైకి వంచి నడుస్తుంది. బాగా ఎదిగాక ఆకులను దారంతో కలిపి కుట్టుకొని లోపల కోశం కడుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేదాకా సుమారు నెల పడుతుంది.

ఇప్పుడు కాలం లెక్క చూడండి. ఎండాకాలంలో తిప్పతీగ ఆకు రాలుస్తుంది. జూన్ వానలు పడగానే కంచెలన్నీ పచ్చబడతాయి. జులై, ఆగస్టుల్లో ఆ కొత్త ఆకు మీద పురుగు ఒకటి రెండు తరాలు పెరుగుతుంది. రెక్కల పురుగులు ఎక్కువయ్యే ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్యలోనే మీ అంబె కాపు రంగు తిరుగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో కోసే కత్తెర కాపులో ఈ బాధ పెద్దగా కనపడకపోవడానికి కారణం ఇదే. కత్తెర కాయ తీపి తగ్గిందని పురుగు వదిలేయలేదు. ఆ రోజుల్లో దాని పిల్లకు మేత లేదు.

మందు ఎందుకు పనిచేయలేదన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. మీరు కొట్టింది కాయ తొక్క మీద, ఆకు మీద. ఈ పురుగు తొక్క తినదు, ఆకు తినదు. రెండు సెంటీమీటర్లకు పైగా ఉండే గట్టి గొట్టం దాని నోరు, మొన దగ్గర ముళ్లుంటాయి. దాన్ని తొక్కలోంచి దించి లోపలి రసం తాగుతుంది. పైగా అది మీ తోటలో పుట్టలేదు, పగలు మీ తోటలో ఉండదు. పొద్దు మునిగాక కంచెల నుంచి, గుట్టల మీద నుంచి ఎగిరి వస్తుంది. ఇవాళ వచ్చినవి చచ్చినా రేపు వేరేవి వస్తాయి. కోతకు దగ్గరగా ఉన్న కాయ మీద మందు కొట్టి తినేవాళ్ల నోట్లోకి పంపడం తప్ప ఆ ఖర్చుతో జరిగిందేమీ లేదు. మళ్లీ కొట్టమని ఎవరైనా అంటే వినకండి.

అయితే మీ తోటలో రాలుడంతా దీని పనేనని ముందే తీర్మానించుకోవద్దు. బత్తాయి రాలడానికి నీటి ఎద్దడి ఉంది, తొడిమ దగ్గర కుళ్లు ఉంది, పండు ఈగ ఉంది. రాలిన కాయలు ఒక బుట్టెడు ఏరి తెచ్చి ఒక్కొక్కటీ చూడండి. రాత్రి పురుగు పొడిచిన కాయను రంధ్రం పైకి పెట్టి రెండు వేళ్లతో నొక్కితే సన్నగా రసం చిమ్ముతుంది. రంధ్రం మీదుగా అడ్డంగా కోస్తే తొక్క కింద తొనలు రసం పోయి బెండులా ఎండి ఉంటాయి, పురుగు మాత్రం ఉండదు. పండు ఈగ పని అయితే కోసిన చోట తెల్లటి చిన్న పురుగులు మెదులుతాయి. రంధ్రమే లేకుండా తొడిమ దగ్గర నల్లబడి రాలితే అది వేరే కథ, దానికి ఈ సమాధానం పనికిరాదు. బుట్టలో ఏ రకం ఎక్కువుందో తేలాకే ఖర్చు పెట్టండి. పండు ఈగ ఎక్కువుంటే మిథైల్ యూజినాల్ ఎరలు కట్టండి. ఆ ఎరలకు రాత్రి పురుగు రాదు, కాబట్టి ఒకదానికి తెచ్చినది రెండోదానికి సరిపోతుందనుకోవద్దు.

పురుగును కళ్లారా చూడాలంటే చీకటి పడ్డాక టార్చి పట్టుకొని తోటలోకి వెళ్లండి. ఎనిమిది నుంచి పదకొండు మధ్య బాగా కనిపిస్తాయి. వెలుగు పడగానే దాని కళ్లు నిప్పు రంగులో మెరుస్తాయి, ముందు వాటినే గుర్తు పట్టాలి. కాయ మీద వాలి ఉన్నప్పుడు ముందు రెక్కలు ఎండుటాకు రంగులో ఉంటాయి కాబట్టి పురుగుందని తెలియదు. రెక్క విప్పితే లోపలి రెక్క పసుపు నారింజ రంగులో, నల్ల మచ్చతో భగ్గుమంటుంది. మచ్చ గుండ్రంగా ఉంటే మాటెర్నా అనే ఇంకో జాతి, వంకీ తిరిగి ఉంటే ఫుల్లోనియా. రైతుకు ఈ తేడాతో పనిలేదు, రెంటికీ మన దగ్గర ఆ తీగలే మేత.

తాగడంలో మునిగిన పురుగు తొందరగా లేవదు. పొడుగు కర్రకు దోమతెర సంచి కట్టుకొని, ఇద్దరు మనుషులు వరుసలు పంచుకొని తిరిగితే చాలా పట్టవచ్చు. చాదస్తం అనిపిస్తుంది కాని, నాలుగెకరాలకు మందు పిచికారీ కన్నా ఇదే నయం. ముఖ్యంగా కంచె పక్కనున్న మొదటి మూడు నాలుగు వరుసలు చూడండి, దెబ్బ ముందు అక్కడే పడుతుంది.

పొగ పెట్టడం పాత పద్ధతే, దాన్ని తీసిపారేయకండి. పండిన కాయ వాసన పట్టుకొనే ఇవి వస్తాయి, పొగ ఆ వాసనను కమ్మేస్తుంది. పొద్దుగూకే వేళకు గాలి వచ్చే వైపు చెత్త కుప్పలు పెట్టి, పైన పచ్చి వేపాకు వేసి, మంట లేవకుండా పొగ మాత్రం వచ్చేలా చూసుకోవాలి. రాత్రి పది దాటేదాకా ఉండాలి. గాలి తిరిగితే కుప్ప జరపాలి. మనిషి దగ్గర లేకుండా పొగ పెట్టి ఇంటికొచ్చి పడుకుంటే ఫలితం ఉండదు, పైగా డ్రిప్ పైపులు కాలతాయి.

బెల్లం ఎర గురించి చాలామంది అడుగుతారు. లీటరు నీళ్లలో వంద గ్రాముల బెల్లం, పది మిల్లీలీటర్ల మలాథియాన్ 50 ఈసీ, కొంచెం సిరకా గాని బత్తాయి రసం గాని కలిపి, వెడల్పు మూతి గిన్నెల్లో పోసి చెట్లకు వేలాడదీయాలి. నా అభిప్రాయం అడిగితే, ఇది సాయం చేస్తుంది కాని దీని మీదే భారం వేయకూడదు. తోట నిండా పండిన కాయ ఉండగా గిన్నెలోని బెల్లం నీళ్ల కోసం అన్నీ రావు. రంగు తిరగడానికి ముందే, కాయ వాసన ఇంకా రాని రోజుల్లో కడితే ఎక్కువ పడతాయి. సాయంత్రం కట్టి, తెల్లవారగానే దించి మూత పెట్టాలి, లేకుంటే పగలు తేనెటీగలు వచ్చి చస్తాయి. మేకలు, పిల్లలు అందుకునే ఎత్తులో అసలు కట్టొద్దు.

రాలిన కాయలను మాత్రం రోజూ ఏరి గుంతలో పూడ్చండి. వదిలేస్తే కుళ్లిన వాసనకు ఇంకో రకం పురుగులు చేరతాయి. వాటిలో మన పాలమూరు, నల్లగొండ రైతులకు బాగా తెలిసిన పాత చుట్టం ఒకటుంది. ఆముదం ఆకును జల్లెడ చేసే దాసరి పురుగు పెద్దదయ్యాక ఇలాగే పండ్ల రసం తాగుతుంది. గట్టి తొక్కను పొడవడంలో యూడోసిమా అంత మొనగాడు కాదు, అది పొడిచి వదిలిన రంధ్రం దగ్గరికి, మెత్తబడిన పండు దగ్గరికి వస్తుంది. మీ పక్క చెలకలో ఆముదం ఉంటే దాసరి పురుగు మీద ఒక కన్నేయండి. పురుగు ఒంటికి అంటుకొని తెల్లటి చిన్న గూడు కనిపిస్తే ఆ చేలో మందు కొట్టొద్దని చెప్పండి. ఆ గూడు కందిరీగది, పురుగును అదే చంపుతోంది. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్న ఈ ప్రాంతంలో ఆముదం పాత పంట, అయినా ఆ తెల్ల గూడును పురుగు గుడ్డనుకొని మందు కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

కోత విషయంలో ఒక మాట. బత్తాయి చెట్టు నుంచి తెంపాక మాగదు, అందుకని పచ్చిది కోయలేం. కాని కోతకొచ్చిన కాయను ధర కోసం చెట్టు మీదే ఆపడం ఈ కాలంలో పురుగుకు విందు పెట్టినట్టే. తోట గుత్తకు ఇచ్చినవాళ్లయితే, కోత ఆలస్యమైతే రాలుడు ఎవరి లెక్కలో పడుతుందో ముందే మాట్లాడుకోండి. ఈ పేచీ ఏటా చూస్తున్నాం.

జపాన్‌లో తోటల్లో రాత్రంతా పసుపు రంగు దీపాలు వేస్తారు. ఆ వెలుగుకు పురుగు పగలనుకొని రెక్క ముడుస్తుంది. పెరట్లో నాలుగు దానిమ్మ చెట్లున్నవాళ్లకయితే అంత హంగామా వద్దు, కాయకో కాగితం సంచి కట్టుకోండి, చాలు. దానిమ్మ, జామలను కూడా ఇది వదలదు.

తీగల పని వచ్చే ఏడాదికి. ఇప్పుడు కాయ రాలుతుండగా కంచె నరికితే ఈ కాపుకు లాభం లేదు, ఎగిరే పురుగులు ఇప్పటికే తయారై ఉన్నాయి. జూన్ వానలకు ఆకు వేసే ముందు తోట చుట్టూ ఉన్న తిప్పతీగ, దూసరి తీగ తీసేయండి. మిగిలిన వాటి మీద జులై, ఆగస్టుల్లో వారానికోసారి ఆకు తిరగేసి చూసి పురుగులను ఏరి చంపండి. కంచె మీద దొరికే ఒక్క పిల్ల పురుగు తోటలో పట్టే చాలా రెక్కల పురుగులతో సమానం, ఎందుకంటే అది ఇంకా ఒక్క కాయనూ పొడవలేదు, గుడ్లూ పెట్టలేదు. మీరొక్కరే చేస్తే సగం పనే. ఇది దూరం ఎగరగల పురుగు. ఆనుకొని ఉన్న తోటలవాళ్లు నలుగురు కలిస్తేనే తేడా తెలుస్తుంది. గుట్టల మీది తీగల జోలికి పోవద్దు, అవి మీ వల్ల అయ్యేవీ కావు, తీయాల్సినవీ కావు.

చిన్న మొక్కల ఆకు తినే పచ్చ పురుగు దీని పిల్ల కాదు. అది నిమ్మ సీతాకోకచిలుకది. చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉంటుంది, ఎదిగితే పచ్చబడుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. బత్తాయి, నిమ్మతో పాటు మారేడు, వెలగ, చేలల్లో మొలిచే బావంచాల మీద కూడా పెరుగుతుంది. లేత మొక్కలకే నష్టం, చేత్తో ఏరేస్తే సరిపోతుంది. కాపు చెట్టుకు నాలుగాకులు పోతే ఏమీ కాదు. దీవుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మన ఆసియా సీతాకోకచిలుక ఇది 2004లో కరీబియన్‌లోని డొమినికన్ రిపబ్లిక్‌లో కనపడింది, అక్కడి నుంచి చుట్టుపక్కల దీవులకు పాకింది. 

ఇక బాడిద. ముందు అవి బాడిదలేనా, మోదుగలా చూసుకోండి. రెంటికీ మూడాకులే, రెంటికీ ఎర్ర పూలే. కొమ్మల మీద పొట్టి ముళ్లుంటే బాడిద. మోదుగకు ముళ్లుండవు, దానికి ఈ గొడవే లేదు. బాడిద అయితే, ఆకులు, లేత కాడలు ఉబ్బి గడ్డలు కట్టడం వేరే పురుగు పని. రెండు మిల్లీమీటర్లు దాటని కందిరీగ లేత ఆకులో గుడ్డు పెడితే అక్కడ గడ్డ కడుతుంది. సింగపూర్, మారిషస్, రీయూనియన్‌లలో దొరికిన వాటిని చూసి 2004లో దానికి పేరు పెట్టారు. 2005లో హవాయి చేరి అక్కడి స్థానిక బాడిద జాతి చెట్లను ఎండగొట్టింది. 2008లో ఆఫ్రికా నుంచి తెచ్చిన ఇంకో కందిరీగను దాని మీదికి వదిలారు. దక్షిణ భారతంలోనూ ఆ గడ్డల కందిరీగ ఉంది. మీ బత్తాయికి దానితో ఏ సంబంధమూ లేదు. గడ్డలున్న లేత కొమ్మలు కత్తిరించి, గట్టు మీద వదలకుండా అప్పుడే కాల్చేయండి. తర్వాత వచ్చే చిగురు మీద కూడా గడ్డలు కడితే మళ్లీ అంతే చేయండి, చెట్టును మాత్రం ఉంచండి.